తేనెటీగ పోస్టుకు మనిషి కావలెను

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాలు ఇన్నాళ్లకో గట్టి నిర్ణయం తీసుకున్నాయి. మెయింటెనెన్స్ కట్టకుండా, వాచ్‌మన్ రిజిస్టర్‌లో సంతకం పెట్టకుండా ఐదో అంతస్తు సన్‌షేడ్ కింద కాపురం పెట్టిన పెద్ద తేనెటీగలను మందు కొట్టించి మరీ ఖాళీ చేయించాయి. పూతల కాలం అయిపోతే అవి తేనెపట్టు వదిలేసి వాటంతటవే వలసపోతాయి, నిజమే. కానీ అందాకా ఆగితే పెస్ట్ కంట్రోల్ బిల్లు ఎలా పాసవుతుంది?

చిక్కల్లా మేడ మీద వచ్చింది. మిద్దెతోటలో గుమ్మడి పిందెలు గోలీకాయంత అయి, పసుపు తిరిగి రాలిపోతున్నాయి. బలం చాలలేదని ఓనర్లు ఇంకో రెండు గుప్పిళ్ల ఎరువు వేస్తున్నారు. ఆకులు గొడుగులంత అవుతున్నాయి, కాయ మాత్రం లేదు. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చి పిందె నిలబెట్టే గుమస్తాలు తేనెటీగలే, వాటినే ఖాళీ చేయించారు. గుమస్తా లేని ఆఫీసుకు సున్నం వేయిస్తే ఫైలు కదులుతుందా? కనుక ఖాళీని వెంటనే భర్తీ చేయాలి.

మొదటి షిఫ్టు తెల్లవారుజామున. గుమ్మడి పువ్వు చీకటుండగానే విచ్చుకుని, ఎండెక్కితే ముడుచుకుపోతుంది. పదింటికి బద్ధకంగా వచ్చే ఉద్యోగికి అక్కడ పనుండదు. సన్నటి పొడుగు కాడ మీద ఉన్నది మగపువ్వు, రేకుల కింద బుల్లి గుమ్మడికాయ ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు తెంపి, రేకులు ఒలిచేసి, నడిమి కాడకున్న పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రం (నడుమ ఉండే బొడిపె) మీద మెత్తగా, చుట్టూతా రాయాలి. ఒక పక్కే రాసి హాజరు వేయించుకుంటే కాయ ఆ పక్కే ఊరి వంకరపోతుంది. ఒక మగపువ్వు 2, 3 ఆడపూలకు సరిపోతుంది. వానకు తడిసిన పుప్పొడి పనికిరాదు గనుక ముసురు రోజుల్లో ముందురోజు సాయంత్రమే మొగ్గలకు కవరు తొడగాలి. తీగ మొదట్లో కొన్నాళ్లు మగపూలే పూస్తుంది. ఆ రోజుల జీతం సంగతి జనరల్ బాడీ తేల్చాలి.

రెండో షిఫ్టు సాయంత్రం, బీరకూ సొరకూ. సొరపువ్వు తెల్లగా ఉండేది రాత్రి తిరిగే రెక్కలపురుగుల కంట పడటానికే. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో చిక్కుకుని తొమ్మిదింటికి ఇల్లు చేరేవారికి సొరే నయం, ఇంకా తెరుచుకునే ఉంటుంది.

టమాటా, వంగ టెక్నికల్ పోస్టులు. ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉన్నా, పుప్పొడి కేసరాల గొట్టాల్లో బిగుసుకుని ఉంటుంది. కదిలిస్తే గానీ రాలదు. తేనెటీగకూ ఆ విద్య రాదు. తుమ్మెద పువ్వును కరచుకుని ఒళ్లంతా ఝుమ్మనిపిస్తే ఉప్పుడబ్బా వంచినట్టు రాలుతుంది. మన అభ్యర్థి బ్యాటరీ టూత్‌బ్రష్ వెనకవైపును పూగుత్తి కాడకు రెండు క్షణాలు ఆనిస్తే చాలు. (పళ్లు తోముకునేది వేరే ఉంచుకోగలరు.) మే నెలలో ఎండ 38 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడే చచ్చుబడుతుంది, అప్పుడు రాలిన పూతకు ఉద్యోగిని సస్పెండ్ చేయరాదు.

బోడకాకరకు ఆడతీగ వేరు, మగతీగ వేరు. పది ఆడతీగలకు ఒక మగతీగ ఉండాలి. ‘ఇది కాయదు, దండగ’ అని మగతీగను పీకేసిన ఇంటికి ఎవరిని పంపినా లాభం లేదు.

మామిడికి కొత్త నియామకాలు అక్కర్లేదు. ఆ పూత మీద ఎక్కువగా వాలేది ఈగలే. ఆ శాఖలో సిబ్బంది కొరత రాకుండా మన చెత్తకుప్పలు ఏనాటినుంచో చూసుకుంటున్నాయి.

ఇక అర్హతలు. పాత సిబ్బంది ఒక్క ట్రిప్పులో 50 నుంచి 100 పూలు చుట్టివచ్చేవారు. జీతం పూలే ఇచ్చేవి. కొత్తవారు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండు షిఫ్టులు చేయాలి. మోకాళ్ల నొప్పులుండరాదు. మొక్క పూతమీద ఉండగా ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టిన ఫ్లాట్ల జాబితా ముందే తీసుకోవాలి. ఆ మందు పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరుతుంది గనుక అక్కడ సహాయానికి ఏ పురుగూ మిగలదు.

అనుభవజ్ఞులకు ప్రాధాన్యం. అనుభవజ్ఞులు కొందరు బి-బ్లాకు వాటర్ ట్యాంకు కింద మళ్లీ చేరినట్టు నిన్న సాయంత్రం తెలిసింది. పెస్ట్ కంట్రోల్ వారికి ఫోన్ చేయడమైనది.