ఇంటికో ఫైర్‌వాల్: ఒక విజ్ఞప్తి

పదిహేను వందలు పెడితే ఇంట్లోని పరికరాలను తీగలతో కలిపే ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ వచ్చేస్తుంది, బల్ల వెనక పడేస్తే ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పనిచేస్తుంది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అన్నవాడు ఉండగా ఇంతకన్నా అవమానం ఉందా?

కాబట్టి అటక మీది పాత ఆఫీసు పీసీని దించండి, దాన్నే ఫైర్‌వాల్ (నెట్ నుంచి వచ్చిపోయేవాటిని వడగట్టే కాపలాదారు) చేద్దాం. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో తిరిగి నాలుగు పోర్టుల ఇంటెల్ ఐ350 నెట్‌వర్క్ కార్డు సంపాదించండి (నకిలీవి చాలానే తిరుగుతుంటాయి, అవి కాస్త చవక కూడా). రియల్‌టెక్ కార్డు మాత్రం వద్దు, ఫ్రీబీఎస్‌డీ (ఈ ఫైర్‌వాల్‌లకు అడుగున ఉండే ఆపరేటింగ్ సిస్టమ్) వాళ్ల ముందు ఆ పేరెత్తితే మంచినీళ్లు కూడా ఇవ్వరు. ఆ పైన ఏ ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ పక్షమో తేల్చుకోవాలి: 2004లో మోనోవాల్ అనే పాతదాని నుంచి చీలిన పీఎఫ్‌సెన్సా, దాన్నుంచి చీలి 2015లో బయటికొచ్చిన ఓపీఎన్‌సెన్సా. తటస్థులకు ఇక్కడ చోటు లేదు.

పోర్టులన్నీ బ్రిడ్జి చేస్తే, అంటే ఒకే నెట్‌వర్క్‌గా కలిపేస్తే, మీకు స్విచ్ తయార్. గిగాబిట్ లైన్లో 64 బైట్ల చిన్న డేటా ప్యాకెట్లయితే సెకనుకు 14.88 లక్షల దాకా వస్తాయి. మామూలు స్విచ్‌లో గోరంత చిప్పు వాటిని అలా అలా దాటించేస్తుంది, ఏ విచారణా లేకుండా. మన పీసీ అలా కాదు, తహసీల్దారు ఆఫీసులో ఫైలులా ప్రతి ప్యాకెట్టునీ ప్రాసెసర్ దాకా పంపించి గానీ వదలదు. 40 వాట్ల చొప్పున రాత్రీ పగలూ నడిస్తే నెలకు 29 యూనిట్లు, భద్రతకు ఆమాత్రం ఖర్చు ఉంటుంది. వైఫై పాస్‌వర్డ్ అంటారా, అది ఎలాగూ ఫ్రిజ్ మీద అంటించే ఉంది.

అసలు మజా వీల్యాన్లది, అంటే ఒకే నెట్‌వర్క్‌ను వేరువేరు గదులుగా విడగొట్టడం. టీవీ ఒకదాంట్లో, ఫోన్లు ఒకదాంట్లో, చుట్టాలు ఇంకోదాంట్లో. ఆదివారం పొద్దున మామగారు ఫోన్లోని ప్రవచనాన్ని టీవీకి పంపుదామని చూస్తారు, జాబితాలో టీవీ ఉండదు, ఎందుకంటే "నేనిక్కడున్నాను" అని టీవీ పెట్టే ఎండీఎన్‌ఎస్ కేక వీల్యాన్ దాటి రాదు.

"ఏం బాబూ, టీవీ పోయిందా?"

"లేదు మామయ్యగారూ, సెక్యూరిటీ."

ఇన్నేళ్ల అల్లుడి హోదాకు దక్కని మర్యాద ఆ ఒక్క మాటకు దక్కుతుంది. ఆ కేకను అవతలి వీల్యాన్‌కు అందించే అవాహి రిపీటర్ పెడితే తీరిపోయేదే, కానీ తొందరేముంది?

ఇంత చేశాక ఒక్క పీసీనే నమ్ముకోవడం బాధ్యతారాహిత్యం. మొదటిది చస్తే రెండోది వెంటనే అందుకునేలా కార్ప్ అనే ఏర్పాటు ఉంది, దానికి ఇంకో పీసీ, ఇంకో ఐ350, ఇంకో 29 యూనిట్లు. రెండూ కలిసి కాపలా కాసేది మాత్రం కరెంటు స్తంభానికి వేలాడుతూ, వినాయకుడి ఊరేగింపు వచ్చినప్పుడల్లా కర్రతో పైకెత్తి పట్టుకునే ఆ ఒక్క ఫైబర్ తీగకే.