దాన్ని సర్దుబాటు అనకండి

"వాతావరణం మారిపోయింది, ఇక రైతులే మారాలి" అనే మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. మారడం చిన్న రైతుకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. వాన ఆలస్యమైతే తక్కువ రోజుల్లో కోతకొచ్చే విత్తనం వేస్తాడు. ఒక్క పంటనే నమ్ముకోకుండా రెండు మూడు కలిపి వేస్తాడు. బెట్టకి మొలక ఎండిపోతే మళ్లీ విత్తుతాడు. అలా మళ్లీ విత్తడమంటే దుక్కి, విత్తనం, కూలి అన్నీ రెండోసారి. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? నా కోపమంతా అక్కడే.

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో రైతు యకూబా సవడోగో గురించి చాలామంది రాస్తారు. 1980ల మొదట్లో, కరువుకి జనం ఊళ్లొదిలి పోతున్న రోజుల్లో, ఆయన బండబారిన నేలలో వానలకు ముందే గుంతలు తవ్వాడు. జాయ్ అనే ఆ పద్ధతి పాతదే. ఆయన గుంతల్ని ఇంకా పెద్దవి చేసి పెంట వేశాడు. పెంట కోసం చేరిన చెదలు నేలను గుల్ల చేశాయి, వాన నీళ్లు పారిపోకుండా అక్కడే ఇంకాయి. గింజలు పండాయి, చెట్లు లేచి అడవే అయింది. 2018లో ఆయనకు, ప్రత్యామ్నాయ నోబెల్ అని పిలిచే రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది.

చెప్పేవాళ్లు కథ ఇక్కడ ఆపేస్తారు. ఒక్క హెక్టారులో ఆ గుంతలు తవ్వాలంటే వందల గంటల పని, అదీ ఎండలో, పలుగు దిగని నేలలో. ఒంట్లో ఓపిక లేనివాళ్లు, తోడు లేని ఆడవాళ్లు ఏం చేయాలి? పైగా పట్టణం పెరిగేసరికి ఆయన పెంచిన అడవిలో కొంత భాగం ఇళ్ల స్థలాల కింద పోయింది. అంత కష్టపడి పెంచినవాడికే ఆ నేల మీద భరోసా లేకపోయిందంటే ఇంకేం చెప్పాలి?

పక్కనే ఉన్న నైజర్‌లో ఒకప్పుడు పొలంలో మొలిచిన చెట్టు కూడా సర్కారుదే. తనది కాని చెట్టును రైతు ఎందుకు కాపాడతాడు? 1980ల నుంచి ఆ పట్టు సడలుతూ వచ్చింది. మోళ్ల నుంచి వచ్చే చిగుళ్లను రైతులే కాపాడుకోవడం మొదలుపెట్టారు. దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఎవరూ నాటినవి కావు. కౌలు రైతుకి చెట్లు పెంచమని సలహా ఇచ్చేవాళ్లు దీని గురించి కాస్త ఆలోచించాలి. వచ్చే ఏడాది ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో అతనికే తెలియదు.

సైన్స్ వద్దని నేననడం లేదు. రెండు వారాల ముంపును కూడా తట్టుకునే వరి రకాలు ఇప్పుడున్నాయి. ఆ గుణాన్నిచ్చే సబ్1 జన్యువు దొరికింది ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఎ అనే పాత రకంలో. రైతులు తరాలుగా కాపాడిన విత్తనం వల్లే అది సాధ్యమైంది.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. ఎడ్లను అమ్ముకోవడం, పిల్లను బడి మాన్పించడం, కుటుంబమంతా వలస పోవడం. వీటిని కూడా వాతావరణ మార్పుకు "సర్దుబాటు" లెక్కలో వేస్తున్నారు. దయచేసి ఆ మాట వాడకండి. అది చితికిపోవడం.

వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి 2020 కల్లా పేద దేశాలకు ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు అందేలా చూస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో మాటిచ్చాయి. ఆ మొత్తం మొదటిసారి పూర్తయింది 2022లో. ఆ రెండేళ్లూ మొలక ఎండిన ప్రతి చోటా చిన్న రైతు అప్పు తెచ్చే మళ్లీ విత్తాడు.