సవరణ: డిలీట్ కాదు, ముందు డిజేబుల్

ఆఫీసు నెట్‌వర్క్ నిర్వహణపై ఇంతకు ముందు పెట్టిన పోస్టులో ‘ఉద్యోగం మానేసినవారి ఖాతాను అదే రోజు డిలీట్ చేయాలి’ అని ఉంది. దాన్ని ‘అదే రోజు డిజేబుల్ చేయాలి’ (అంటే ఖాతా అలాగే ఉంటుంది, లాగిన్ మాత్రం కుదరదు) అని మార్చి చదువుకోండి.

తేడా చిన్నది కాదు. ఆఫీసులోని ఖాతాలన్నిటినీ ఒకేచోట నిర్వహించే విండోస్ యాక్టివ్ డైరెక్టరీలో ఫోల్డర్ల అనుమతులు మనిషి పేరుకు కాదు, ఖాతా తెరిచినప్పుడే దానికి వచ్చే ఎస్‌ఐడీ అనే గుర్తింపు సంఖ్యకు ముడిపడి ఉంటాయి. డిలీట్ చేశాక, మానేసిన ఉద్యోగే తిరిగొచ్చాడని అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో ఖాతా తెరిచినా సిస్టమ్ లెక్కలో ఆయన కొత్త మనిషే. పాత ఫోల్డర్లు తెరుచుకోవు. డిలీట్ అయిన ఖాతాలను తిరిగి తెచ్చే యాక్టివ్ డైరెక్టరీ రీసైకిల్ బిన్ ఉందిగా అంటారేమో. విండోస్ సర్వర్ 2008 ఆర్2తోనే వచ్చింది, నిజమే. కానీ దాన్ని ముందుగా ఎనేబుల్ చేసి ఉండాలి. ఖాతా పోయాక చేస్తే ఆ ఖాతాకు పనికిరాదు.

డిజేబుల్ చేయగానే అన్నీ ఆగిపోతాయనీ అనుకోవద్దు. అప్పటికే లాగిన్ అయి ఉన్న కంప్యూటర్ తీసుకున్న కెర్బరోస్ సర్వీస్ టికెట్లు (సర్వర్లను వాడుకోవడానికి నెట్‌వర్క్ ఇచ్చే డిజిటల్ అనుమతి చీటీలు), సెట్టింగ్ మార్చకపోతే, 10 గంటల దాకా చెల్లుతాయి. ఆ కంప్యూటర్‌ను లాగాఫ్ చేయించడం కూడా మన పనే. (హెచ్‌ఆర్ నుంచి కబురు ఎప్పటికి వస్తుందన్నది వేరే కథ.)

అప్‌డేట్ల గురించి ఒక్క మాట. ఆఫీసు కంప్యూటర్లకు విండోస్ అప్‌డేట్లను ఒకే సర్వర్ నుంచి పంచే డబ్ల్యూఎస్‌యూఎస్‌ను మైక్రోసాఫ్ట్ ‘ఆపేసింది’ అన్నది సరికాదు. 2024 సెప్టెంబరులో ప్రకటించింది, కొత్త సదుపాయాలు ఇక చేర్చబోమని. విండోస్ సర్వర్ 2025లోనూ అది ఉంది. రేపే దాన్ని వదిలి వేరేదానికి మారాలన్న తొందర అక్కర్లేదు.