సూర్యుడికి డేటాషీట్ లేదు

మొక్కలు పెంచడానికి సూర్యుడు చాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పాపం. ఆయనకి డేటాషీట్ లేదు, వారంటీ లేదు, డిమ్మర్ అసలే లేదు. మబ్బు పట్టిందంటే ఉన్నపళంగా అవుట్‌పుట్ తగ్గించేస్తాడు, సాయంత్రమైతే చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాడు. ఇలాంటి సప్లయర్‌ని నమ్ముకుని ఇన్ని కోట్ల ఏళ్లు ఎలా నెట్టుకొచ్చాయో ఆ మొక్కలే చెప్పాలి. అందుకే బాధ్యత గల మనిషిగా ఇంట్లోనే ఒక ఎల్‌ఈడీ సూర్యుణ్ణి పెట్టుకోవాలని తీర్మానించాను. పెంచాల్సింది ఒక్క టమాటా మొక్క.

మొదట రెడీమేడ్ లైటు కొన్నాను. పెట్టె మీద ఇంతెత్తు అక్షరాల్లో 1000 వాట్లు అని ఉంది. ప్లగ్గుకి వాట్‌మీటర్ తగిలిస్తే 98 చూపించింది. మోసం అనుకునేరు, కాదు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘సమానం’ అని రాశారు. దేనికి సమానమో రాయలేదు, అది కొన్నవాడి ఊహకే వదిలేశారు. ఆ లెక్కన నేనూ పదిమందికి సమానమే, కాకపోతే నా పెట్టె మీద రాసుకోలేదు.

ఆ లైటులో ఉన్నవి ఎరుపు, నీలం ఎల్‌ఈడీలే. ఆకు పచ్చగా కనబడుతోందంటే పచ్చ వెలుగుని వద్దని వెనక్కి కొడుతోందనేగా, మరి పచ్చ దండగ కదా అని అమ్మేవాళ్ల వాదన. 1972లోనే మెక్రీ అనే ఆయన 22 రకాల పంట మొక్కల ఆకుల మీద ఒక్కో రంగు వెలుగు విడివిడిగా వేసి కొలిచి, పచ్చ వెలుగుతో కూడా కిరణజన్య సంయోగక్రియ బాగానే నడుస్తుందని చూపించాడు. పైగా ఎరుపు, నీలం పై పొరల్లోనే చాలావరకు ఆగిపోతే, పచ్చ ఆకు లోపలికంటా, కింది ఆకుల దాకా దిగుతుంది. ఇదంతా పాత సంగతి కాబట్టి పెట్టె మీద వేయలేదేమో. ఇక ఆ వంకాయరంగు వెలుగులో గది సంగతి అడక్కండి. ఆకులన్నీ నల్లగా కనిపిస్తాయి. ఆకు పండిందో, తెగులు పట్టిందో చూడాలంటే ముందు లైటు ఆర్పి, ఆ తర్వాత టార్చి వేసుకోవాలి.

దాంతో సొంతంగా కట్టుకోవాలని కూర్చున్నాను. ఇక్కడే మనుషులు రెండు కులాలుగా చీలిపోతారు: లూమెన్లు అడిగేవాళ్లు, ఫోటాన్లు అడిగేవాళ్లు. లూమెన్ అనేది మనిషి కంటికి కట్టిన కొలత, పచ్చ రంగులో 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర దానికి మార్కులెక్కువ. మొక్కకేమో కళ్లు లేవు. దానికి కావాల్సింది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు; అవి చదరపు మీటరుకి సెకనుకి ఎన్ని మైక్రోమోల్స్ (మోల్‌లో పది లక్షల వంతు; మోల్ అంటే డజను లాంటి లెక్కే, కాకపోతే మహా పెద్దది) పడుతున్నాయన్నదే లెక్క. దాన్నే పీపీఎఫ్‌డీ అంటారు. 300 పీపీఎఫ్‌డీని 16 గంటలు వెలిగిస్తే రోజుకి 17 మోల్స్ పైచిలుకు. ఆకుకూరలకి అది విందు భోజనం, కాయ కాయాల్సిన టమాటాకి మాత్రం 20 నుంచి 30 కావాలి. ఇదంతా నేర్చుకునేసరికి మొక్కకి మూడో ఆకు వచ్చింది, నేను చూడలేదు.

తెల్ల స్ట్రిప్పులు తెచ్చాను. తెలుపంటే తెలుపేం కాదు, లోపల నీలం చిప్పే, పైన ఆ నీలాన్ని కొంత వేరే రంగులుగా మార్చే ఫాస్ఫర్ పూత. పక్కన 660 నానోమీటర్ల ఎరుపు కొన్ని. ఒక్కో తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టుల చొప్పున 16 వరసగా కలిపితే 48, దానికి తగ్గ కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్, అంటే కరెంటుని ఒకే మోతాదులో పంపే పెట్టె. స్ట్రిప్పుల్ని ప్యారలల్‌గా కలిపితే తమాషా ఉంది: వేడెక్కిన దానికి కావాల్సిన వోల్టేజ్ తగ్గుతుంది, అందుకని అదే ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. పనిచేసేవాడి నెత్తినే ఇంకో పని పెట్టే ఆఫీసు లాగన్నమాట. అల్యూమినియం రేకుకి థర్మల్ పేస్ట్ రాసి బిగించాను. ఆ పేస్ట్ రేకుకి కొంచెం, మిగతాదంతా నా మోచేతులకి, తలుపు గడియకి, ఎలా అంటుకుందో గానీ దిండు గలీబుకి.

జానెడు ఎత్తులో వేలాడదీస్తే రెండు రోజుల్లో చిగుళ్లు పాలిపోయి ఆకులు పైకి దోనెల్లా మడుచుకున్నాయి. మూరెడు ఎత్తుకి లేపాను. 120 వాట్లు, 16 గంటలు, అంటే నెలకి 58 యూనిట్లు దాకా. ఒక్క మొక్కకి.

“ఆ కుండీ తీసి కిటికీలో పెట్టొచ్చుగా?” అంది అమ్మ.

చదువుకోని ప్రశ్నలకి జవాబివ్వను. కానీ శాస్త్రం కోసం కొలిచాను. లైటు కింద ఫోన్‌లో 20,000 లక్స్ (చదరపు మీటరుకి పడే లూమెన్లు), తెల్ల ఎల్‌ఈడీకి దాన్ని సుమారు 67తో భాగిస్తే నా 300 పీపీఎఫ్‌డీ దక్కింది. కాలర్ ఎగరేసుకుని, మధ్యాహ్నం అదే ఫోన్ తీసుకెళ్లి తెరిచిన కిటికీలో ఎండకి పెట్టాను. 80,000. ఎండకైతే 54తో భాగించాలి కాబట్టి 1,480.

ఫోన్‌లో సెన్సర్ పోయినట్టుంది. అసలు పీపీఎఫ్‌డీ మీటరొకటి ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుందట.