బార్ దానంతట అది భుజాల మీదికి ఎక్కదు

ఈ రోజు ఉదయం మా జిమ్‌లో జరిగింది చాలా చిన్న సంగతేనని మీలో కొందరు అనవచ్చు. అనండి. ఓవర్‌హెడ్ ప్రెస్ (నిలబడి బార్‌ను భుజాల మీదినుంచి తలపైకి తోసే కసరత్తు) చేయడానికి, బార్‌ను ఆనించే స్టాండు, అంటే ర్యాక్, కొక్కేలను నా ఎత్తుకు దించుకుని, బార్ పెట్టి, రెండు వైపులా ప్లేట్లు ఎక్కించి, మంచినీళ్ళు తాగడానికి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగేసరికి, ఒక కుర్రవాడు ఆ ప్లేట్లన్నీ ఊడదీసి గోడకు ఆనించి, అద్దంలో తన జబ్బలను తనివితీరా చూసుకుంటూ, అదే ర్యాక్‌లో అదే బార్‌తో కర్ల్స్ (మోచేతులు మడిచి బార్‌ను లేపే జబ్బల కసరత్తు) చేస్తున్నాడు. ఇదేమిటని అడిగితే "రెండు సెట్లే అంకుల్" అన్నాడు. ట్రైనర్‌ను పిలిచాను. ఆయన ఇద్దరి ముఖాలూ చూసి ఇచ్చిన తీర్పు ఇది: "కిందనుంచి ఎత్తుకోండి సార్, ఆ మాత్రం బరువుకు ర్యాక్ ఎందుకు?"

కర్ల్స్‌కు ర్యాక్ అవసరం లేదు. బార్‌ను నేల మీది నుంచి తీసుకుని, తొడల దగ్గర పట్టుకుని, ఎక్కడైనా నిలబడి చేసుకోవచ్చు. దాని కోసం ఊరందరికీ ఉన్న ఒకే ఒక్క ర్యాక్‌ను ఆక్రమించడం, పళ్ళు తోముకోవడానికి కపిలతీర్థం పుష్కరిణిని ఖాళీ చేయించడం లాంటిది. అయినా ర్యాక్ ఆ కుర్రవాడికి, నేల నాకు!

ట్రైనర్ గారు అంత తేలికగా అనేసిన "కిందనుంచి ఎత్తుకోవడం" అసలు వేరే విద్య. దాన్ని క్లీన్ అంటారు. కాళ్ళతో నేలను తన్ని, నడుము విసురుతో బార్‌ను పైకి లేపి, అది గాలిలో తేలిన ఆ క్షణంలోనే మోచేతులను దాని కిందికి దూర్చి భుజాల మీద పట్టుకోవాలి. మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (నేల నుంచి ఒకే ఊపున తలపైకి) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల మీదికి, అక్కడినుంచి తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఆ 130 కిలోలను భుజాల మీదికి తెచ్చుకున్నది ఏళ్ళ తరబడి నేర్చిన ఈ విద్యతోనే. మా ట్రైనర్ గారు దానిని నేర్పిస్తారా అంటే, నేర్పించరు. నేర్పించాలంటే ముందు ఆయనకు వచ్చి ఉండాలి కదా.

పైగా కిందనుంచి ఎత్తాలంటే బార్ నేలకు తగినంత ఎత్తులోనైనా ఉండాలి. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ వ్యాసం 45 సెంటీమీటర్లు. అది ఎక్కితేనే బార్ పిక్క మధ్యకు వస్తుంది. నాలాంటివాడు ప్రెస్‌కు ఎక్కించేవి ఐదు కిలోల చిన్న బిళ్ళలు. వాటితో బార్ దాదాపు నేలను అంటుకుని ఉంటుంది. అంతవరకు వంగి, అక్కడినుంచి ఒక్క విసురున భుజాలకు తెచ్చుకోవాలట, అది కూడా టైల్స్ పరిచిన నేల మీద, పక్కవాడి బెంచీకి మూరెడు దూరంలో.

అందువల్ల మా జిమ్‌లో అందరూ చేసేది మరొకటి ఉంది. బార్‌ను తిరగేసిన కర్ల్‌లా ఈడ్చుకుంటూ, పొట్ట ముందుకు తోసి, వెన్ను వెనక్కి వంచి, చివర్లో ఒక మూలుగుతో ఛాతీ మీద పడేసుకుంటారు. అప్పటికి బార్ అరచేతిలో కాక వేళ్ళ మొదళ్ళలో ఉంటుంది, మణికట్టు వెనక్కి మడతపడి ఉంటుంది, మోచేతులు బార్‌కు వెనకగా జారి ఉంటాయి. అక్కడినుంచి పైకి తోస్తే బరువు భుజానికి కాదు, మణికట్టుకు, నడుముకు తెలుస్తుంది. ఆ తర్వాత నడుము నొప్పి అంటూ వచ్చిన వారికి ట్రైనర్ గారు బెల్టు అమ్ముతారు. ప్రొటీన్ డబ్బా సంగతి ఇప్పుడు ఎత్తను, ఎత్తితే ఈ పోస్టు తెల్లవారినా పూర్తి కాదు.

ప్రెస్ సగం బార్ కదలకముందే నిర్ణయమైపోతుంది. కొక్కేలు ఛాతీ పైభాగానికి కాస్త దిగువగా ఉండాలి. పట్టు భుజాల కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. బార్ అరచేతి మొదలు మీద, ముంజేతి ఎముకకు సరిగ్గా పైన కూర్చోవాలి. మోచేతులు బార్‌కు ఇంచుక ముందుండాలి. మోకాళ్ళు కొద్దిగా వంచి బార్ కిందికి చేరి, నిటారుగా నిలబడితే చాలు, బార్ దానికదే కొక్కేలను వదులుతుంది. ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసి, ఊపిరి బిగించి, గడ్డం వెనక్కి లాక్కుంటే బార్ ముక్కు ముందునుంచి తిన్నగా లేస్తుంది. నుదురు దాటగానే తల దాని కిందికి వస్తుంది. ఇందులో బలప్రదర్శన ఏమీ లేదు, అమరిక ఉంది. ఆ అమరికనే మా వాళ్ళు చాదస్తం అంటున్నారు.

"స్మిత్ మెషీన్ ఉంది కదా సార్" అని రెండో సలహా. ఆ యంత్రంలో బార్ పట్టాల మీదే నడుస్తుంది. దాని దారికి నా ముఖం తప్పుకోవాలి తప్ప నా ముఖానికి అది తప్పుకోదు. మూడో సలహా, ఇద్దరు కుర్రవాళ్ళు చెరొక కొస పట్టుకుని బార్‌ను నా చేతుల్లో పెడతారట. గతంలో ఆ వైభవం కూడా అనుభవించాను: ఎడమవాడు "రెడీ" అనగానే ఎత్తాడు, కుడివాడు ఫోన్ జేబులో పెట్టుకుని ఎత్తాడు.

ఇక యూట్యూబ్ చూసి వచ్చిన ఒక పెద్దమనిషి మధ్యలో కల్పించుకుని, "ఆ ప్రెస్‌ను ఒలింపిక్స్‌లోనే తీసేశారు సార్" అన్నాడు. తీసేసిన మాట నిజమే, 1972 మ్యూనిక్ తర్వాత తీసేశారు. ఎందుకు తీసేశారంటే, పోటీదారులు పడుకున్నారా నిలబడ్డారా అన్నంతగా వెనక్కి వాలుతుంటే దేనిని ఒప్పుకోవాలో దేనిని కొట్టివేయాలో న్యాయనిర్ణేతలకు తేలడం కష్టమైంది కనుక. ఆ వాలడమే మా జిమ్‌లో రోజూ ఉచితంగా చూడవచ్చు.

అసలు కోపం ఆ కుర్రవాడి మీద కాదని రాస్తూ ఉంటే నాకే అర్థమవుతోంది. అది యజమాని గారి మీద. మా ర్యాక్ స్థానికంగా వెల్డింగ్ చేయించినది. కొక్కేలు పెట్టే రంధ్రాల మధ్య జానెడు దూరం. ఒక రంధ్రంలో పెడితే నాకు కాలి మునివేళ్ళ మీద లేవవలసి వస్తుంది, కింది దానిలో పెడితే సగం గుంజీ తీయవలసి వస్తుంది. మునివేళ్ళ మీద లేచి బార్ దించడం ఒక ఎత్తయితే, అలసిపోయాక అదే ఎత్తుకు తిరిగి చేర్చడం మరొక ఎత్తు: కుడి కొస కొక్కెంలో పడుతుంది, ఎడమ కొస కొక్కెం అంచుకు తగిలి జారుతుంది, ఆ క్షణంలో గోవిందనామం తప్ప మరొకటి నోటికి రాదు. అందుకే గుంజీ నయమనుకుని కింది రంధ్రమే వాడుతున్నాను.

సరైన ర్యాక్ తెప్పిస్తామని, ఏడాది ఫీజు ఒకేసారి కట్టించుకున్న రోజున ఆయనే అన్నారు. బ్రహ్మోత్సవాలు అయిపోనివ్వండి అన్నారు. తర్వాత సంక్రాంతి అన్నారు. తెప్పించింది మాత్రం రంగులు మారే లైట్లు, ఫోటోలు దిగడానికి నిలువెత్తు అద్దం, ఎవరూ ఎక్కని మరొక ట్రెడ్‌మిల్. అలిపిరి మెట్లు మూడున్నర వేలు ఉన్న ఊరిలో, పట్టుమని పది నిమిషాల్లో కొండ మొదటికి చేరగల జనానికి, నడవడానికి యంత్రం కొన్నారు!

తిరుపతిలో గానీ, దూరమైనా ఫరవాలేదు, రేణిగుంట, చంద్రగిరి వైపు గానీ, కొక్కేలను రెండేసి అంగుళాల తేడాతో మార్చుకోగల ర్యాక్ ఉన్న జిమ్ తెలిసిన వారు దయచేసి కింద రాయండి. అక్కడ కర్ల్స్ చేసేవారిని ఎక్కడ నిలబెడుతున్నారో కూడా రాయండి. ఫీజు మాత్రం ఈసారి నెలకు నెలే కడతాను.