33వ పుస్తకంతోనే మొదలుపెట్టండి

మా అన్నయ్య కూతురు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది. పోయిన నెల వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. నాలుగైదు రంగుల గీతలు, అడ్డదిడ్డంగా బాణాలు, మధ్యలో గళ్లు, ప్రతి గడిలో ఒక పుస్తకం పేరు. హైదరాబాద్ మెట్రో మ్యాపే ఇంతకంటే సుళువుగా అర్థమవుతుంది. కింద ఒక్క ముక్క రాసింది: "బాబాయ్, ఇందులో నేను ఎక్కడ ఎక్కాలి?"

ఇంగ్లీషు రచయిత టెర్రీ ప్రాచెట్ రాసిన డిస్క్‌వరల్డ్ హాస్య ఫాంటసీ నవలలు చదువుదామని బయల్దేరిన వాళ్లందరికీ ముందు ఎదురయ్యేది, ఏది ఏ వరసలో చదవాలో చూపించే ఆ బొమ్మే. మొత్తం 41 నవలలు. 1983లో మొదలయ్యాయి, రచయిత పోయిన 2015లోనే చివరిది వచ్చింది. ఇక కొత్తది రాదు. ఆయన సగంలో వదిలేసిన రాతలున్న హార్డ్ డిస్క్‌ను, ఆయన కోరిక మేరకే, 2017లో స్టీమ్ రోలర్ కింద పెట్టి తొక్కించేశారు. కాబట్టి అభిమానులకు మిగిలిన తగువు ఒక్కటే, ఎక్కడ మొదలుపెట్టాలని. మంత్రగత్తెల వర్గం, మృత్యుదేవత వర్గం, నగర పోలీసుల వర్గం అంటూ చీలిపోయి, పెళ్లి భోజనాల్లో పప్పు ముందా పచ్చడి ముందా అన్నంత పట్టుదలగా కొట్టుకుంటారు.

నా జవాబు నేను అమ్మాయికి ఐదు నిమిషాల్లో పంపేశాను. 33వ పుస్తకం. 'గోయింగ్ పోస్టల్', 2004లో వచ్చింది.

ఇది తిక్కతో చెప్పిన మాట కాదు, దెబ్బ తిని చెబుతున్నది. బుద్ధిమంతుడిలా మొదటి పుస్తకంతో మొదలుపెట్టినవాణ్ని నేను. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 'ద కలర్ ఆఫ్ మ్యాజిక్' పాత కాపీ దొరికితే ఎగిరి గంతేసి కొన్నాను. 80 పేజీల దగ్గర ఆగిపోయాను. ఇందులో అందరూ అంత నవ్వేదేముందో అర్థం కాలేదు. పుస్తకం అటక మీదికి పోయింది, దాంతోపాటు పదేళ్లూ పోయాయి. ఈ పదేళ్లకు పూచీ ఎవరిదంటే, 'మొదటిది మొదట' అని నాకు చిన్నప్పటి నుంచి నూరిపోసిన వాళ్లది.

ఆ మొదటి పుస్తకం చెడ్డదని కాదు. అది పేరడీ. కత్తులు పట్టుకున్న వీరులు, డ్రాగన్ల మీద స్వారీలు, మంత్రగాళ్లు, పురాతన భూతాలు ఉన్న ఇంగ్లీషు ఫాంటసీ కథలు 1970ల్లో విపరీతంగా నడిచాయి. వాటిని ఆటపట్టిస్తూ రాసిన పుస్తకం ఇది. అవి చదివినవాడికి పేజీకో నవ్వు. చదవనివాడికి? శ్రీశ్రీని ఒక్క పంక్తీ చదవని మనిషికి జరుక్ శాస్త్రి పేరడీ వినిపించి చూడండి. మర్యాదకు ఓ చిరునవ్వు నవ్వి, కాఫీ ఎప్పుడొస్తుందా అని వంటింటి వైపు చూస్తాడు. పైగా ఆ పుస్తకం కథ సగంలో, హీరో లోకం అంచు మీంచి జారిపోతుండగా ఆగుతుంది. మిగతాది కావాలంటే రెండోది కొనుక్కోవాలి.

ఇంకో సంగతి. మొదటి పుస్తకం తెరవగానే ఇంగ్లీషు పాఠకుడు నోరెళ్లబెట్టేది అందులోని లోకాన్ని చూసి. పళ్లెంలా బల్లపరుపుగా ఉన్న లోకం, దాన్ని మోస్తూ నాలుగు ఏనుగులు, ఆ ఏనుగులను మోస్తూ అంతరిక్షంలో ఈదుకుంటూ పోయే తాబేలు. మనకు ఇందులో కొత్తేముంది? అష్టదిగ్గజాలని చిన్నప్పుడే విన్నాం. కూర్మనాథుణ్ని చూడాలంటే శ్రీకాకుళం దాకా వెళ్తే చాలు, శ్రీకూర్మంలో గుడే ఉంది. ఎనిమిది ఏనుగులను నాలుగుకు తగ్గించడం ఆయన చేసిన ఖర్చు తగ్గింపు, అంతే. అంటే ఆ పుస్తకంలో మొదటి ఆశ్చర్యం తెలుగువాడి దగ్గర పెద్దగా పనిచేయదు, మొదటి హాస్యమూ పనిచేయదు. ఇక మిగిలేదేమిటి?

వరసగానే చదవాలనే వాళ్ల వాదనా వినాలి కాబట్టి వింటాను. రచయిత ఎలా ఎదిగాడో కళ్లారా చూడొచ్చంటారు. పాత్రలకు వయసొస్తుంది, పెళ్లిళ్లవుతాయి, ఉద్యోగాల్లో పైకొస్తారు, ముందునుంచి చదివితేనే ఆ రుచి తెలుస్తుందంటారు. నిజమే. కాస్త నడిమధ్యగా ఆలోచించేవాళ్లు ఎనిమిదోదైన 'గార్డ్స్! గార్డ్స్!' చేతిలో పెడతారు, దానికీ నేను వంక పెట్టను, చాలా మంచి నవల. కానీ రచయిత ఎదుగుదల మీద ఆసక్తి పుట్టాలంటే ముందు ఆ రచయిత మీద ప్రేమ పుట్టాలి కదా. పెళ్లిచూపుల్లోనే బాల్యం ఫొటోల ఆల్బం తెరిస్తే ఎలా?

'గోయింగ్ పోస్టల్' ఎలా మొదలవుతుందో చూడండి. మోయిస్ట్ వాన్ లిప్‌విగ్ అనే ఘరానా మోసగాడు ఉరిశిక్ష పడి జైల్లో ఉంటాడు. వారాల తరబడి ఒక చెంచాతో గోడలో రాయి చుట్టూ ఉన్న సున్నం గీకుతుంటాడు. ఉరికి కొద్ది గంటల ముందు ఎట్టకేలకు రాయి ఊడొస్తుంది. దాని వెనక ఇంకో రాయి. చుట్టూ కొత్త సున్నం. దాని ముందు తళతళలాడే కొత్త చెంచా. ఖైదీలకు ఏదో ఒక ఆశ ఉండాలి, చేతికి పనీ ఉండాలి అని ఆ నగర పాలకుడు వెటినారి గారి ఏర్పాటట. ఆ ఒక్క చెంచాతో ఆ ఊరి ప్రభుత్వం ఎలాంటిదో మీకు తెలిసిపోయింది. వెనకటి 32 పుస్తకాలు చదవాల్సిన పని పడిందా?

తర్వాత అతన్ని ఉరి తీస్తారు, చావడానికి ఒక్క వెంట్రుకవాసి ముందు ఆపుతారు. కళ్లు తెరిచేసరికి వెటినారి ఎదురుగా కూర్చుని బేరం పెడతాడు. మూతపడ్డ పోస్టాఫీసును తెరిచి నడపాలి, ఇష్టం లేకపోతే అదిగో తలుపు, వెళ్లిపోవచ్చు. మోయిస్ట్ వెళ్లి తలుపు తీస్తాడు. అవతల నేల ఉండదు, అగాధం. వచ్చి ఉద్యోగంలో చేరతాడు.

మన గిరీశానికి పోస్టుమాస్టరు ఉద్యోగం ఇస్తే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. మాటకారితనంతో, చొక్కా మెరుపుతో బతికే మనిషి చేతికి ఒక సర్కారు ఆఫీసు, గుట్టల కొద్దీ బట్వాడా కాని ఉత్తరాలు, ఇద్దరు సిబ్బంది. అందులో ఒకరు గ్రోట్. తల నెరిసిన ముసలాయన, హోదా మాత్రం జూనియర్ పోస్ట్‌మ్యాన్. ప్రమోషన్ ఇవ్వాల్సిన పైవాళ్లెవరూ ఎప్పుడో లేకుండా పోయారు కాబట్టి జూనియర్‌గానే ఉండిపోయాడు. ఈ ముక్క చదివి నవ్వని ప్రభుత్వోద్యోగి కొడుకెవడైనా ఉంటాడా? మా నాన్నగారి సర్వీసు కథ సగం ఇదే.

ఆ పోస్టాఫీసు నుదుట లోహపు అక్షరాలతో ఒక శపథం ఉంటుంది. వాన గానీ మంచు గానీ రాత్రి చీకటి గానీ మా బంట్రోతులను ఆపలేవని ఇంగ్లీషులో. అయితే అందులో ఐదు అక్షరాలు ఎవరో ఎత్తుకుపోయారు. దాంతో 'గ్లూమ్ ఆఫ్ నైట్' కాస్తా 'గ్లోమ్ ఆఫ్ నిట్' అయి కూర్చుంది. ఎత్తుకుపోయిన అక్షరాలు హెచ్, యు, జి, ఓ, ఎస్. దగ్గర్లోనే ఒక క్షౌరశాల ఉంటుంది, దాని పేరు 'హ్యూగోస్'. ఒక ప్రభుత్వ సంస్థ ఎలా చచ్చిపోతుందో వంద పేజీల కమిటీ రిపోర్టు కంటే ఈ బోర్డు బాగా చెబుతుంది. చుట్టుపక్కల వాళ్లు తలా ఓ అక్షరం విప్పుకుపోతుంటారు, అడిగేవాడు ఉండడు. ప్రాచెట్‌కు ఇవన్నీ ఊరికే తెలియలేదు. 17 ఏళ్లకే ఊరి పేపర్లో విలేకరిగా చేరాడు, తర్వాత ఇంగ్లండ్ ప్రభుత్వ విద్యుత్ సంస్థలో అణు కేంద్రాల తరఫున పత్రికలకు సమాధానాలు చెప్పే ఉద్యోగం చేశాడు. ఆఫీసు వాసన తెలిసిన చెయ్యి అది.

పోస్టాఫీసు మూతపడ్డాక దాని చోట్లోకి 'క్లాక్స్' వచ్చింది. కొండల మీద వరసగా టవర్లు, వాటి మీద రెక్కల్లాంటి తలుపులు, ఒక టవరు సైగ చేస్తే ఇంకో టవరు అందుకుని ముందుకు పంపుతుంది. గంటల్లో కబురు ఖండం దాటిపోతుంది. దాన్ని కనిపెట్టిన ఇంజనీర్ల చేతుల్లోంచి రీచర్ గిల్ట్ అనే పెద్దమనిషి లెక్కల గారడీతో కంపెనీని లాక్కుంటాడు. ఆ తర్వాత మరమ్మతులు మానేస్తాడు, రేట్లు పెంచుతాడు, టవర్ల మీంచి కుర్రాళ్లు పడి చస్తుంటారు. 2013 జులైలో టెలిగ్రామ్‌కు వీడ్కోలు చెప్పి, 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసుకుని, సిగ్నల్ లేని ఫోను చెవిన పెట్టుకుని డాబా ఎక్కే మనకు దీన్ని విడమరిచి చెప్పాలా?

నేను ఈ పుస్తకానికి పడిపోయింది మాత్రం నవ్వు దగ్గర కాదు. మోయిస్ట్ పారిపోకుండా మిస్టర్ పంప్ అనే మట్టిమనిషిని కాపలా పెడతారు. ఒకచోట మోయిస్ట్ దబాయిస్తాడు, నేనెప్పుడూ కత్తి పట్టలేదు, ఎవరినీ చంపలేదు అని. మట్టిమనిషి తాపీగా లెక్క చెబుతాడు. నువ్వు చంపింది 2.338 మందిని. నీ మోసాల వల్ల కొందరి వ్యాపారాలు కూలాయి, కొందరి ఉద్యోగాలు పోయాయి, ఎవరి పిల్లల నోటిదగ్గర కూడో పోయింది, అవన్నీ కూడితే తేలింది ఇది అంటాడు. ఆ దశాంశ స్థానాలు చూసి ముందు నవ్వొస్తుంది. తర్వాత నవ్వు గొంతులో ఆగిపోతుంది. డిపాజిట్లు పోగేసి ఓ రాత్రి బోర్డు తిప్పేసే కంపెనీలను మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని చూశాం! వాళ్లూ కోర్టు మెట్ల మీద ఇదే మాట అంటారు, మేమెవరి మీదా చెయ్యి చేసుకోలేదని. వాళ్లకు ఆ మట్టిమనిషిలా దశాంశాలతో లెక్క కట్టి చెప్పేవాడు దొరకలేదు.

ఇన్ని చెప్పినా అమ్మాయి నుంచి వెంటనే వచ్చిన జవాబు, "అది కాదు బాబాయ్, 32 వదిలేస్తే ఏదో మిస్సయినట్టు ఉండదా?" నా అసలు గొడవ ఇక్కడుంది. మిస్సవడమంటే ఇంత టెన్షన్ మనకెప్పుడు పట్టుకుంది?

నన్నయ గారు రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం సగంలో ఆగిపోయారు. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత నెల్లూరులో తిక్కన గారు అదే పని ఎత్తుకున్నారు. ఎక్కణ్నుంచి? ఆగిన చోటు నుంచి కాదు. మిగిలిన అరణ్యపర్వాన్ని అలాగే వదిలేసి నేరుగా విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు రాసేశారు. మధ్యలో ఖాళీని ఆ తర్వాతి శతాబ్దంలో ఎర్రన వచ్చి పూడ్చారు. తెలుగులో అంత పెద్ద కథను తలకెత్తుకున్న కవే నడుమ నుంచి అందుకున్నాడు. ఎవరైనా తప్పు పట్టారా? పైగా వానలు పడకపోతే ఊళ్లలో చదివించేది ఆ విరాటపర్వాన్నే. ఆదిపర్వం నుంచి వరసగా రమ్మంటే మేఘాలు ఆగుతాయా?

మన కథల అలవాటే అది. హరిదాసు గారు రుక్మిణీ కల్యాణం చెబితే రుక్మిణీ కల్యాణమే, దానికి ముందు భాగవతం ఎన్ని స్కంధాలు విని రావాలని గేటు దగ్గర ఎవరూ అడగలేదు. చందమామలో బేతాళ కథ ఏ నెలది దొరికితే ఆ నెలది చదివాం. విక్రమార్కుడు మొదటిసారి చెట్టెక్కిన సంచిక ఏదో మాకు తెలియదు, అక్కర్లేకపోయింది కూడా. వారపత్రిక సీరియల్‌ను 14వ వారంలో అందుకుంటే పైన చిన్న డబ్బాలో 'జరిగిన కథ' నాలుగు ముక్కల్లో ఉండేది. అద్దె పుస్తకాల షాపులో మొదటి భాగం ఎవరో పట్టుకెళ్తే రెండోది తెచ్చుకుని చదివేవాళ్లం.

ఇప్పుడేమో అన్నీ సిలబస్ అయిపోయాయి. చాప్టర్ ఒకటి, చాప్టర్ రెండు, వీక్లీ టెస్టు. కోచింగ్ సెంటర్లో పదేళ్లు అలా నలిగిన పిల్లలు నవలను కూడా అలాగే చూస్తున్నారు, పూర్తి చేయాల్సిన పోర్షన్‌లా. సినిమా వాళ్లు దీన్ని కనిపెట్టి ప్రతిదానికీ 'పార్ట్ 1' తగిలిస్తున్నారు. 41 పుస్తకాల జాబితా చూడగానే ఆనందం పుట్టాలి, ఇంత సరుకుందా అని. పిల్లలకు భయం పుడుతోంది. ఆ భయంలో చదవడం మానేసి, ఎలా చదవాలో చెప్పే బొమ్మలు పోగేసుకుంటున్నారు. మా అమ్మాయి ఫోనులో అలాంటివి మూడున్నాయి, పుస్తకం ఒక్కటీ లేదు!

పని జరగాలి కాబట్టి చివరికి నేను బతిమాలుకున్నాను. డిస్క్‌వరల్డ్ నవలలు చాలావాటికి అధ్యాయాలే ఉండవు, ఊపిరి తీసుకునే చోటు దొరకదు. దీనికున్నాయి. మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోగా కొన్ని పేజీలు అయిపోతాయి, మొదలుపెట్టమన్నాను. పెట్టింది.

నాలుగో రోజు రాత్రి ఫోన్ చేసింది. క్లాక్స్ టవర్ మీంచి పడి చనిపోయిన కుర్రాడి పేరు దగ్గరికి వచ్చానంది. ఆ పేరును అతని తోటివాళ్లు జి, ఎన్, యు అనే మూడక్షరాలతో కలిపి టవర్ల మీద పంపుతూనే ఉంటారు. జి అంటే ముందుకు పంపు, ఎన్ అంటే లెక్కల్లో రాయకు, యు అంటే లైను చివర నుంచి వెనక్కి తిప్పు. పేరు అలా ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉంటుంది. 2015 మార్చిలో ప్రాచెట్ పోయినప్పుడు ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో తమ వెబ్‌సైట్ల సర్వర్లలో, చూసేవాళ్లకు కనపడని చోట, ఆ మూడక్షరాలూ ఆయన పేరూ పెట్టుకున్నారు. ఇప్పటికీ తిరుగుతోంది.

ఆ సంగతి నేను చెబితే కాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున తన సొంత సైటులో తనూ ఆ లైను పెట్టానని మెసేజ్ చేసింది. మొదటి పుస్తకం ఇంకా కొనలేదు.