మా తూముకు నీలి టోపీలు కావలెను

పెన్నా డెల్టా చివరి ఆయకట్టులో పై ఊరికీ మా ఊరికీ నడుమనున్న తూము తగాదా ఇక స్థానికంగా తేలేది కాదని మా పెద్దలు నిర్ణయానికి వచ్చారు. కాలువ కాపలా చూసే లస్కరు చెప్పి చూశాడు. నీటిపారుదల ఏఈ గారు జీపు దిగి చూశారు. ఎస్సై గారు ఇరుపక్షాల వారినీ పిలిపించి ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. పగలు అందరూ ఒప్పుకుంటారు. రాత్రి రెండు గంటలకు పై ఊరివారు ఇసుక గోతాం తెచ్చి తూములో కుక్కుతారు, తెల్లవారేలోగా మావారు పలుగుతో దానిని చీల్చి గట్టున పారేస్తారు. ఆ గోతాల ఖర్చుతో ఇంకో తూము కట్టి ఉండవచ్చునని మా పెదనాన్న అంటాడు గానీ, ఆయన మాట వింటే తగాదా మిగలదు. ఎడగారు నారుమళ్లు ఎండుతున్న తరుణంలో నీలి టోపీల శాంతిదళాన్ని పంపమని ఐక్యరాజ్యసమితికే అర్జీ పెట్టాలని తీర్మానించి, రాసే పని నాకు అప్పగించారు.

సమితి పూర్వచరిత్ర చదివితే మొదట ముచ్చటగొలిపేది వారి ఓపిక. పాలస్తీనాలో సంధి ఎలా ఉందో చూడమని 1948లో పంపిన పరిశీలకులు ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. 1949లో కశ్మీరుకు వచ్చినవారికి, 1972 సిమ్లా ఒప్పందం తరువాత మీతో పనిలేదని మన ప్రభుత్వం చెబుతూ వస్తున్నా, వారు ఏమాత్రం నొచ్చుకోలేదు. 1978లో లెబనాన్ వెళ్లిన దళం పేరులోనే ‘తాత్కాలిక’ అనే మాట ఉంది; నలభై ఏడేళ్లు గడిచాక, 2025లో, 2026 డిసెంబరు ఆఖరుకల్లా పని ముగించమని దానికి గడువు పెట్టారు. (మన తాత్కాలిక ఉద్యోగులు ఈ సంగతి గమనించగలరు.)

సైప్రస్ ఉదాహరణ మాకు ఇంకా దగ్గరగా ఉంది. 1963 డిసెంబరులో ఒక బ్రిటిష్ సేనాని గ్రీకు, టర్కీ వర్గాలను విడదీయడానికి రాజధాని నికోసియా పటం మీద పచ్చ పెన్సిలుతో గీత గీశాడు, 1964లో సమితి సైన్యం దిగింది, ఆ గీత ఇప్పటికీ పచ్చ గీతే. 1974 తరువాత ఇరుపక్షాల నడుమ ఎవరికీ చెందని నేల ఒకటి ఏర్పడి, నికోసియా విమానాశ్రయం అందులో చిక్కుకుని పాడుబడింది. అదే పెన్సిలు మా తూము మీదుగా నడిస్తే నీళ్లు పై ఊరికీ దక్కవు, మాకూ దక్కవు, నేరుగా సముద్రానికే పోతాయి. ఇంతటి సమన్యాయం మా పెద్దమనుషుల వల్ల ఏనాడూ కాలేదు.

భద్రతామండలిలోని ఐదు శాశ్వత కుర్చీల సంగతి చెప్పినప్పుడు మాత్రం రచ్చబండ మీద ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ ఐదుగురిలో ఒక్కరు కాదన్నా తీర్మానం ఆగిపోయే వీటో అనే మాట మావారికి కొత్త గానీ పద్ధతి పాతదే: బామ్మర్ది పొలం ప్రస్తావన రాగానే ఒక పెద్దాయన గొంతు సవరించుకుంటారు, మిగిలిన నలుగురూ వానల గురించి మాట్లాడతారు.

రువాండా దగ్గరకు వచ్చేసరికి నా కలం కొంత తడబడింది. 1994 ఏప్రిల్‌లో అక్కడ ఊచకోత మొదలైన రెండు వారాలకు, మండలి అక్కడున్న సమితి దళాన్ని 270 మందికి కుదించాలని తీర్మానించింది. గొడవ ముదిరితే మనుషులను తగ్గించడమనే ఈ విధానం మా స్టేషనుకూ కొత్త కాదు గనుక అర్జీలో దానిని ప్రస్తావించలేదు. హైతీ సంగతి మాత్రం ప్రస్తావించక తప్పలేదు. 2010లో శాంతిదళం శిబిరంలోని మురుగు నదిలో కలిసి కలరా పుట్టింది, పదివేల మంది దాకా చనిపోయారు, తమ పాత్ర ఉందని సమితి ఒప్పుకోవడానికి 2016 వచ్చింది. మాది కింది ఊరు. పైనుంచి ఏమేమి వస్తుందో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. కాబట్టి శిబిరం ఎక్కడైనా వేసుకోవచ్చుననీ, మరుగుదొడ్లు మాత్రం మా మడవకు దిగువన కట్టుకోవాలనీ షరతు రాశాము.

నమీబియాలో 1989లో దిగి, ఎన్నికలు జరిపించి, మరుసటి ఏడాదికే మూటాముల్లె సర్దుకున్నారు కదా అని మా బడిపంతులు గుర్తుచేశారు. నిజమే. అయితే అక్కడ పోట్లాడుకునేవారు అప్పటికే అలసిపోయి 1988లోనే ఒప్పందానికి వచ్చారు. మా రెండు ఊళ్లలో ఇంకా ఎవరూ అలసిపోలేదు.

అర్జీ అంతా చదివి వినిపించాక పెదనాన్న చుట్ట ఆర్పి, “అంతా బాగుంది గానీ అబ్బయ్యా, ఆ వచ్చేవాడు రాత్రి రెండు గంటలప్పుడు తూము కాడ మేలుకొని ఉంటాడా?” అని అడిగాడు. వచ్చేవారు దోమతెరలు వెంట తెచ్చుకోవలెనని చివర ఒక వాక్యం చేర్చి, మర్యాదకు పై ఊరికి కూడా ఒక ప్రతి పంపాము. తీసుకెళ్లిన కుర్రవాడికి వారు టీ ఇచ్చి, తమ గోతాల్లో చిరగనివి ఏవైనా మా గట్టున మిగిలి ఉంటే తిరిగి ఇప్పించమని అడిగి పంపారు.